కులం అడగని శరణాలయం, ఊరు మరచిన బాల్యం

తెలుగునాట సంఘ సంస్కరణ చరిత్ర చెప్పేటప్పుడు కందుకూరి వీరేశలింగం తర్వాత వినిపించే పేరు రఘుపతి వెంకటరత్నం నాయుడు. కాకినాడ పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాల్‌గా, మద్రాసు విశ్వవిద్యాలయ వైస్ చాన్సలర్‌గా, బ్రహ్మసమాజ నాయకుడిగా ఆయనను స్మరిస్తాం. ఆయన చేపట్టిన అనాథ బాలల పోషణ గురించి చర్చ తక్కువ. ఆ భాగాన్ని శ్రద్ధగా చదవడానికి నాకు సొంత కారణం ఉంది. మా తాతగారి బాల్యం కోస్తాలోని ఒక అనాథ శరణాలయంలో గడిచింది. ఆయన పుట్టింది మాత్రం అరకు లోయ చుట్టూ ఉన్న కొండల్లో. ఒక కొండ బాలుడు కులం లేని పిల్లవాడిగా ఎలా మారాడన్న ప్రశ్నే నన్ను ఆ తరం సంస్కర్తల ఆలోచన వైపు నడిపించింది.

వెంకటరత్నం నాయుడు 1862 అక్టోబరు 1న మచిలీపట్నంలో తెలగ కుటుంబంలో జన్మించారు. తండ్రి అప్పయ్యనాయుడు సైన్యంలో సుబేదారు. తండ్రి ఉద్యోగం వల్ల బాల్యం చాందా, హైదరాబాదు ప్రాంతాల్లో గడిచింది. తెలుగుతోపాటు ఉర్దూ, పారశీకం అక్కడే అబ్బాయి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో విలియం మిల్లర్ శిష్యరికం, కేశవచంద్ర సేన్ రచనల ప్రభావం ఆయనను బ్రహ్మసమాజం వైపు మళ్లించాయి. యౌవనంలోనే భార్య మరణించగా మళ్లీ వివాహం చేసుకోలేదు. తెల్లని దుస్తులు, నిరాడంబర జీవనం, జీతంలో అధికభాగం పేద విద్యార్థులకు ఇవ్వడం ఆయన జీవిత విధానమయ్యాయి.

మచిలీపట్నం నోబుల్ కళాశాలలో ఆయన వద్ద చదివినవారిలో ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య, కోపల్లె హనుమంతరావు ఉన్నారు. తర్వాత సికిందరాబాదు మహబూబ్ కళాశాలలో, ఆ పైన కాకినాడలో ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. కాకినాడలో 1919 వరకు సాగిన ఆ పదవీకాలమే ఆయన జీవితంలో ఫలవంతమైన ఘట్టం. అంటరానివారుగా ముద్రపడిన కులాల విద్యార్థులకు, ఆడపిల్లలకు కళాశాల తలుపులు తెరిపించారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి వంటి యువకులు కులాచారాలను ధిక్కరించే ధైర్యం అక్కడే నేర్చుకున్నారు. 1924లో సర్ బిరుదు, 1925లో వైస్ చాన్సలర్ పదవి వచ్చాయి. 1939 మే 26న కన్నుమూశారు.

ఆ జీవితంలో విమర్శకు నిలవవలసిన పుటలూ ఉన్నాయి. భోగం మేళాలకు వ్యతిరేకంగా ఆయన నడిపిన నైతిక పవిత్రతా ఉద్యమం పెద్దల ఇళ్ల నుంచి ఆ ఆటపాటలను తొలగించడంలో చాలావరకు విజయం సాధించింది. ఆ వృత్తిపై బతికిన కళావంతుల స్త్రీల జీవనాధారం ఏమిటన్న ప్రశ్నకు మాత్రం చాలినంత జవాబు ఇవ్వలేదు. ఎవరి మేలు కోరుతున్నామో వారిని అడిగి తెలుసుకోవడం ఆ తరం సంస్కరణకు అంతగా అలవాటు లేని పని. ఈ లక్షణాన్ని గుర్తుంచుకుంటేనే అనాథ శరణాలయాల సంగతి అర్థమవుతుంది.

కాకినాడలో పిఠాపురం మహారాజా ఆర్థిక పోషణతో, వెంకటరత్నం నాయుడు మార్గదర్శకత్వంలో ఒక అనాథ శరణాలయం నడిచింది. కులభేదం లేకుండా పిల్లలను చేర్చుకోవడం దాని మూలసూత్రం. ఒకే వంట, ఒకే పంక్తి, ఒకే ప్రార్థన. హోటళ్లలో కులాల వారీగా విస్తళ్లు పడుతున్న రోజుల్లో, అగ్రహారాల బావులు దళితులకు నిషిద్ధమైన రోజుల్లో ఇది ఎంతటి సాహసమో వేరే చెప్పనక్కరలేదు. పుట్టుకను బట్టి పిల్లలను తూచే సమాజంలో పుట్టుక అడగని ఇల్లు కట్టడం ఆయన చేసిన గొప్ప పని. అటువంటి ఇళ్లు లేకుంటే మా తాత బతికేవారు కాదు. నేను ఈ వ్యాసం రాసేవాడినీ కాదు.

ఆ శరణాలయాన్ని పోషించిన మహారాజా రావు వెంకట కుమార మహీపతి సూర్యారావు కూడా అయిదేళ్ల ప్రాయంలోనే తండ్రిని కోల్పోయారు. అయితే ఆ బాలుడిని కోర్ట్ ఆఫ్ వార్డ్స్ సంరక్షించింది. జమీందారీ వారసత్వంపై దత్తపుత్రుడు వేసిన వ్యాజ్యం ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లి 1899లో తేలింది. వంశం, హక్కు, ఆస్తి అన్నీ సంపుటాలకొద్దీ కాగితాల్లోకి ఎక్కాయి. తండ్రి లేని జమీందారు బిడ్డ వంశవృక్షాన్ని సామ్రాజ్యపు అత్యున్నత న్యాయస్థానం పరిశీలించిన కాలమది. తల్లిదండ్రులు లేని కొండబిడ్డ ఏ గూడెం వాడో రాసుకోవాలన్న ఆలోచన ఎవరికీ రాని కాలం కూడా అదే.

మా ఇంట్లో చెప్పుకునే కథ చిన్నది. మన్యం జ్వరానికి తల్లిదండ్రులు పోయారు. ఉప్పు కోసం చింతపండు, పసుపు మోసుకుని అనంతగిరి ఘాట్ దిగే మనుషుల వెంట ఆ పిల్లవాడు శృంగవరపుకోట చేరాడు. అక్కడి నుంచి చేతులు మారి శరణాలయానికి వచ్చాడు. బడిలో వేసేటప్పుడు ఒక తెలుగు పేరు, ఒక ఇంటిపేరు రాశారు. ఆ ఇంటిపేరే నేటికీ మాది. కొండల నుంచి ఆయన వెంట వచ్చినవి రెండు మూడు మాటలే. దాహం వేస్తే ఆయన ‘ఏరు’ అడిగేవారు. వాగును తలుచుకుంటున్నారని ఇంట్లో నవ్వుకునేవారు.

భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి అరకు ప్రాంతంలో పరిశోధించి, 1969లో కొండ లేదా కూబి భాషపై గ్రంథం ప్రచురించారు. తెలుగుకు దగ్గరి చుట్టమైన ఆ ద్రావిడ భాషను మాట్లాడేవారు కొండదొరలు. ఆ భాషలో ఏరు అంటే నీళ్లు. అరకు వారపు సంతలో కొండదొర పెద్దలకు తాతగారి మాటలు వినిపించాను. వారు క్షణం ఆలోచించకుండా తమ మాటలని చెప్పారు. ఒక జీవితకాలం మనుమలు నవ్వుకున్న మాట తాతగారి చిరునామా అయింది.

ఆ చిరునామా చట్టం ముందు చెల్లదు. 1993 నాటి కులధ్రువీకరణ పత్రాల చట్టం ప్రకారం రుజువు చేసే భారం కోరినవారిదే. ఈ కఠినత్వానికి న్యాయమైన కారణం ఉంది. దొంగ ఎస్టీ పత్రాలతో ఆదివాసుల ఉద్యోగాలు కాజేసినవారిపై గిరిజన సంఘాలు దశాబ్దాలుగా పోరాడుతున్నాయి. నేను పత్రం కోరడం లేదు. విద్యావంతుల ఇంట పుట్టి ఆచార్య పదవికి చేరినవాడికి ఆ అవసరం లేదు. కానీ నేటికీ కొండల నుంచి పట్టణపు ఆశ్రమాలకు చేరే పిల్లల సంగతేమిటి? ఏజెన్సీలో భూమి ఎస్టీల మధ్యే చేతులు మారాలని 1/70 చట్టం చెబుతోంది. ఏ తెగవాడో రాసిలేని బిడ్డకు తండ్రి దున్నిన పోడు మీద కూడా హక్కు నిలవదు. పదేళ్లలోపు తల్లిదండ్రులను కోల్పోయి, నా అన్నవారు లేక, ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన శరణాలయాల్లో చేరిన అనాథలను బీసీ-ఏ జాబితాలో చేర్చారు. ఏ ఆధారమూ లేని పిల్లలకు అది మంచి ఆసరా. ఆదివాసీ బిడ్డకు మాత్రం అది పుట్టుకతో వచ్చిన రాజ్యాంగ రక్షణకు బదులు దొరికే చిన్న ఊరట.

కులం అడగకపోవడం వేరు, పుట్టుకను నమోదు చేయకపోవడం వేరు. అన్నం పెట్టేటప్పుడు కులం అడగని సంస్కారం వెంకటరత్నం నాయుడు తరం మనకిచ్చిన ఆస్తి. ఆ కాలంలో కులం అవమానానికి గుర్తు కనుక దాన్ని చెరిపేయడమే విముక్తి అనుకున్నారు. 1950 తర్వాత అదే గుర్తు హక్కుకు ఆధారమైంది. ఇంకొక సంగతీ గమనించాలి. సంస్కర్త పేరు చివర నాయుడు నిలిచే ఉంది. ఆయన గొప్పతనానికి అది అడ్డు రాలేదు, ఎవరూ తీసేయమనలేదు. కులాన్ని వదులుకోవడం చర్చగా, ఆదర్శంగా పైవారి ముందుకు వచ్చింది. అనాథ బాలుడి ముందు అది అడ్మిషన్ రిజిస్టరులో ఖాళీ గడిగా వచ్చింది.

ఈ ఖాళీని పూరించడం నేడు కష్టం కాదు. పాడేరు, అరకు కొండల నుంచి బాలల సంరక్షణ కేంద్రాలకు వచ్చే ప్రతి బిడ్డ విషయంలో మొదటి వారంలోనే భాష, గూడెం, వంశం పేరు, తల్లి వైపు బంధువుల వివరాలు రాయాలి. ఆ పిల్లల భాష తెలిసిన మనిషి దగ్గర కూర్చుని వినాలి. బిడ్డ పలికిన మాటలను పలికినట్లే నమోదు చేయాలి. ఆ నమోదుకు విచారణలో సాక్ష్యపు విలువ ఇవ్వాలి. వంటశాలలో, పడకగదిలో మాత్రం ఆ వివరం ఎవరికీ అక్కరకు రాకూడదు. ఈ రెండింటినీ కలిపి పాటించగలిగితేనే వెంకటరత్నం నాయుడు మొదలుపెట్టిన పని పూర్తవుతుంది. నీళ్లను ఏరు అనే పిల్లవాడు రేపు మన బడికి వస్తే, నవ్వే ముందు ఏ కొండ నుంచి వచ్చావని అడిగి రాసుకునేవారు అక్కడ ఉండాలి.