దుర్గాబాయి దేశ్‌ముఖ్

పావగడ తాలూకాలోని నిడుగల్లు వంటి ఊళ్ళలో తెలుగు, కన్నడం రెండూ వినిపిస్తాయి. వేరుసెనగ చేలకు పోవడానికో, తమ్ముళ్ళను చెల్లెళ్ళను ఎత్తుకొనడానికో బడి మానిన ఆడపిల్లలను మీరు చూసే ఉంటారు. అలా చదువు ఆగిపోయిన స్త్రీలు తక్కువ కాలంలో పరీక్షలకు సిద్ధం కావడానికి కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1958లో ఒక పథకం ప్రారంభించింది. దాని వెనుక ఉన్నవారు దుర్గాబాయి. ఆ ఆలోచన ఆమెకు స్వంత జీవితంలోనే దొరికింది.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. తల్లి కృష్ణవేణమ్మ, తండ్రి రామారావు. ఎనిమిదవ ఏట ఆమెకు సుబ్బారావు అనే యువకునితో వివాహం జరిపించారు. వయసు వచ్చిన తరువాత ఆమె ఆ పెళ్ళిని అంగీకరించలేకపోయారు. ఆ మాట భర్తకే చెప్పి, మరొకరిని వివాహమాడవలసిందని కోరారు. ఆయన కాదనలేదు. ఇంగ్లీషులోనే చదవాలన్నందుకు బడి మానివేసి, హిందీ నేర్చుకొని, కాకినాడలో స్త్రీలకు హిందీ పాఠశాల నడిపారు. అక్కడ చదువుకున్నవారిలో ఆమె తల్లి కూడా ఉన్నారు.

1923 కాకినాడ కాంగ్రెసు సభల సందర్భంలో టికెట్టు లేదని నెహ్రూను వాకిట ఆపిన బాలిక ఈమే. ఆ కథ అందరికీ తెలుసు. అంతకంటె చెప్పుకోదగినది 1921 నాటి సంగతి. గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు, సంఘం దూరంగా ఉంచిన దేవదాసీలు, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలు ఆయన మాటలు వినాలని పన్నెండేళ్ళ దుర్గాబాయి పట్టుబట్టారు. నిర్వాహకులు అయిదువేల రూపాయల విరాళం తెమ్మన్నారు. ఆ స్త్రీలే సొమ్ము కూర్చారు. సభ జరిగింది. తన ఊరిలో ఎవరిని సభలకు పిలవరో ఆమె గమనించారు. గౌరవమైన ఇంటి పిల్ల కనుక పెద్దల ముందు నిలిచి అడగగలిగారు కూడా.

ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని 1930 తరువాత పలుమార్లు జైలుకు వెళ్ళారు. కోర్టులో తమ పక్షాన ఏమి చెప్పుకోవాలో తెలియక శిక్షపడిన స్త్రీలు అక్కడ ఆమెకు కనిపించారు. న్యాయశాస్త్రం చదవాలన్న పట్టుదల అక్కడే కలిగింది. కాని చేతిలో మెట్రిక్యులేషను కూడా లేదు! ఇరవై దాటిన వయసులో ప్రైవేటుగా చదివి కాశీ విశ్వవిద్యాలయం పరీక్ష ప్యాసయ్యారు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోతే, ఆడపిల్లలకు వసతి గృహం లేదన్నారు. తనలాగే చదువుకోరే అమ్మాయిలను పోగుచేసి, తామే ఒక వసతి గృహం ఏర్పరచుకొన్నారు. 1942లో మద్రాసులో లా పట్టా పొందారు.

ఈలోగా 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలయింది. నేడు ఆసుపత్రులు, కళాశాలలు ఉన్న ఆ సంస్థ, మొదట కాశీ మెట్రిక్యులేషనుకు కూర్చునే తెలుగు స్త్రీలకు పాఠాలు చెప్పే చిన్న తరగతి మాత్రమే. తాను పడిన కష్టాన్నే ఆమె ఇతరులకు దారిగా మార్చారు.

రాజ్యాంగ సభలో సభ్యురాలిగా పనిచేశారు. 1953లో ఆర్థికమంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్‌ను వివాహమాడారు. ఆ ఏడే కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. మహిళా విద్యకు జాతీయ సంఘం ఏర్పడినప్పుడు దానికీ ఆమే అధ్యక్షురాలు. 1975లో పద్మవిభూషణ్ లభించింది. 1981 మే 9న మరణించారు.

మరొక సంగతి. చిన్ననాటి భర్త సుబ్బారావు మరణించిన తరువాత, ఆయన రెండవ భార్య ఆధారం లేక దుర్గాబాయి వద్దకే వచ్చారు. ఆమెను ఆంధ్ర మహిళా సభలో చేర్చుకొని, పని నేర్పించి, స్వంత జీతంపై బ్రతికేలా చేశారు.