జీవకోటి ఆదాయ వ్యయాలు గుణించిన హాల్డేన్

ఉగాదినాడు తెలుగువాడు ఎక్కడున్నా వేపపూత పచ్చడి తిని పంచాంగం వింటాడు. ఋషికుల్య ఒడ్డున పురుషోత్తంపూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా, ఈ యేడు తన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని చెవియొగ్గనివారు అరుదు. రాశులకు గాక సమస్త జీవకోటికీ ఆదాయ వ్యయాలు గుణించిన మహాశయుడొకరు మన ఒడిషాలోనే కన్నుమూశారు. ఆయనే జె. బి. ఎస్. హాల్డేన్. ఆయన చరిత్ర మన పిల్లలకు తెలియడం అవసరం.

హాల్డేన్ 1892 నవంబరు 5న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో జన్మించారు. తండ్రి పేరుపొందిన శరీరధర్మ శాస్త్రజ్ఞుడు. బొగ్గుగనులలోని విషవాయువులను పరీక్షించేటప్పుడు కుమారుణ్ణి కూడా వెంటబెట్టుకొని దిగేవాడు. హాల్డేన్ చదివినది గణితమూ, గ్రీకు లాటిను భాషలూను. సైన్సులో ఆయనకు పట్టమే లేదు. మొదటి ప్రపంచయుద్ధంలో మెసపొటేమియాలో గాయపడి, చికిత్సకై భారతదేశానికి వచ్చారు. అప్పుడే ఈ దేశంమీద మక్కువ కలిగింది.

తరువాత కేంబ్రిడ్జిలోనూ, 1933 నుండి లండను యూనివర్సిటీ కాలేజీలోనూ పనిచేశారు. పరిసరాలకు తగినవి మిగిలి, తగనివి నశించడంవల్ల జీవజాతులు మారుతాయని డార్విను 1859లోనే చెప్పాడు. ఆ మార్పు ఎంత వేగంగా జరుగుతుందో మాత్రం లెక్కకు అందలేదు. హాల్డేన్ 1924 నుండి వరుసగా వ్యాసాలు వ్రాసి దానిని అంకెలలో పెట్టారు. ఫిషర్, సీవాల్ రైట్ అనే మరి ఇద్దరు కూడా ఆ కాలంలోనే ఈ పనికి పూనుకున్నారు.

ఒక ఉదాహరణ చూడండి. మాంచెస్టరు ప్రాంతంలో తెల్లని రెక్కల చిమ్మట ఒకటి ఉండేది. 1848లో అందులో నల్లనిది మొదటిసారి కనిపించింది. ఫ్యాక్టరీల పొగకు చెట్లు నల్లబడినకొద్దీ నల్లవి పెరిగి, అర్ధశతాబ్దంలో అవే అధికసంఖ్యాకమైనాయి. ఇంత త్వరగా ఇది జరగాలంటే, తెల్లవాటికి నూరు పిల్లలు మిగిలేచోట నల్లవాటికి సుమారు నూటయాభై మిగలాలని హాల్డేన్ తేల్చారు. ఇది చక్రవడ్డీ వంటిది. ఒక్క తరంలో కనిపించని తేడా, తరాలు గడిచేకొద్దీ మొత్తాన్నే మార్చివేస్తుంది. నల్లని చెట్లమీద తెల్ల చిమ్మటలను పక్షులు సులభంగా ఏరుకు తింటాయని 1950 తరువాత జరిగిన పరీక్షలలో వెల్లడైంది.

ప్రాణి అంటే నాలుగక్షరాల లిపిలో వ్రాసిన ఒక ఖాతా అని 1953 తరువాత స్పష్టమైంది. ప్రతి తరమూ ఆ ఖాతాను తిరిగి ఎత్తి వ్రాస్తుంది. వ్రాతలో అప్పుడప్పుడు తప్పులు దొర్లుతాయి. ఎండ, రోగం, ఆకలి, శత్రువు వాటిని పరీక్షించి పనికివచ్చేదానిని ఉంచుతాయి. రక్తం గడ్డకట్టని హీమోఫీలియా వ్యాధిని ఆధారం చేసుకొని, అటువంటి తప్పు మనుష్యులలో తరానికి సుమారు 50,000కు ఒకటి పడుతుందని హాల్డేన్ 1935లోనే అంచనా వేశారు. పాత లక్షణం ఒకటి పోయి కొత్తది నిలవడానికయ్యే వ్యయాన్ని 1957లో గుణించి, అందుకు సుమారు 300 తరాలు పడతాయన్నారు. ఈ లెక్కనే పట్టుకొని జపాను శాస్త్రజ్ఞుడు కిమూరా 1961లో ఆదాయం తేల్చాడు: గడచిన 50 కోట్ల సంవత్సరాలలో జీవులు కూడబెట్టిన జ్ఞానం సుమారు 10 కోట్ల బిట్లు. బిట్టు అంటే ‘అవును–కాదు’ అనే ఒక్క జవాబు. కంప్యూటరు నడిచేదీ దానితోనే. లెక్క వేసేవాడు ఎవరూ కనిపించకుండానే ప్రకృతి ఈ లెక్క చేస్తూనే ఉన్నది.

ఆయనలో లోపం లేకపోలేదు. కమ్యూనిస్టు అభిమానంవల్ల, రష్యాలో వంశపారంపర్య శాస్త్రాన్ని అణచివేసిన లైసెంకోను చాలాకాలం గట్టిగా ఖండించలేకపోయారు.

1957లో హాల్డేన్ ఇంగ్లండు విడిచి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటులో చేరారు. 1961లో భారత పౌరులైనారు. 1962లో భువనేశ్వరంలో ప్రయోగశాల నెలకొల్పారు. పంచె, లాల్చీ ధరించి శాకాహారిగా జీవించారు. ప్రాణులను చంపకుండా, చూచి లెక్కించి నేర్చుకొనే పద్ధతి ఆయనకు ప్రియం. పారిజాతపు రేకులు లెక్కించడం కూడా శిష్యులకు శాస్త్రమే. పురుషోత్తంపూరుకు చేరువలోని జౌగడలో జీవహింస కూడదని అశోకుడు చెక్కించిన శాసనం గుర్తుకు రాకమానదు.

పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణ ఆయన శిష్యుడు. మన తెలుగువారి మేనరికాలను ఆ గురుశిష్యులు శ్రద్ధగా పరిశీలించారు. ప్రతి లక్షణానికీ మనలో రెండు ప్రతులుంటాయి. ఒకటి చెడినా రెండవది కాపాడుతుంది. అత్త కొడుకుకూ మేనమామ కూతురికీ పుట్టిన బిడ్డలో, ఆ రెండు ప్రతులూ ఒకే పూర్వీకుని ప్రతినుంచి దిగే అవకాశం పదహారింట ఒకటి; అక్క కూతురును పెండ్లాడితే ఎనిమిదింట ఒకటి. పరాయిచోట సంబంధాలు దొరకక దగ్గరివారిలోనే వెదికే మన కుటుంబాలు ఈ లెక్క తెలుసుకొనడం మంచిది.

మరొక లెక్క కూడా మన ఇంటిదే. తలసీమియా చెడ్డ ప్రతి ఒక్కటే ఉన్నవారికి మలేరియానుండి కొంత రక్షణ ఉన్నందునే ఆ జబ్బు నశించలేదేమోనని హాల్డేన్ 1949లో ఊహించారు. సికిల్ సెల్ విషయంలో అది నిజమని 1954లో ఆఫ్రికాలో రుజువైంది. ఒడిషాలో నేటికీ ఆ జబ్బు ఉన్నది. జాతకాలతోపాటు వధూవరుల రక్తపరీక్ష కూడా చూచుకొంటే ఎందరో బిడ్డల బాధ తప్పుతుంది.

హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వరంలో కాన్సరుతో మరణించారు. ఆయన కోరికమేరకు దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు విద్యార్థుల చదువునిమిత్తం అప్పగించారు. ఆయన కడపటి నివాసానికీ, దేహం చేరిన చోటుకూ నడుమ మన గంజాం జిల్లా ఉన్నది. ఈ ఉగాదికి మన ఆదాయ వ్యయాలు విన్న తరువాత, వంశం లెక్క కూడా ఒకసారి చూచుకొందాం. మన బిడ్డలకు ఆరోగ్యమే ఆదాయమగుగాక!