నిఘంటువులో దొరకని అర్థం – ఫ్రెడరిక్ డగ్లస్ జీవితం

బానిసత్వ నిర్మూలనోద్యమ చరిత్రలో చిరస్మరణీయుడైన ఫ్రెడరిక్ డగ్లస్ అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో 1818 ప్రాంతంలో బానిసగా జన్మించాడు. పుట్టిన తేదీ ఆయనకు తెలియదు. పసితనంలోనే తల్లికి దూరమయ్యాడు.

సుమారు ఎనిమిదవ ఏట ఆయనను బాల్టిమోర్ నగరంలోని ఆల్డ్ దంపతుల ఇంటికి పంపారు. యజమానురాలు సోఫియా దయతో అక్షరాలు దిద్దించసాగింది. చదువు వచ్చినవాడు బానిసగా ఉండడని భర్త ఆమెను వారించాడు. ఆ నిషేధమే బాలునికి విద్య విలువను బోధించింది. వీధిలోని పేద తెల్లజాతి పిల్లలకు రొట్టె ఇచ్చి, బదులుగా పాఠాలు చెప్పించుకున్నాడు.

ఆ రోజులలో యజమానులు ఆగ్రహంతో ఉచ్చరించే 'అబాలిషన్' అనే మాట ఆయన చెవిన పడింది. నిఘంటువు తెరిస్తే రద్దు చేయుట అని మాత్రమే ఉంది. దేనిని రద్దు చేయుటయో లేదు. ఎవరినైనా అడగడం ప్రమాదకరం. చివరకు బానిసత్వాన్ని రద్దు చేయవలెనని పౌరులు సమర్పించిన విజ్ఞాపనల వార్తను పత్రికలో చదివినప్పుడు ఆ మాట మర్మం బోధపడింది.

1838 సెప్టెంబరు 3న నావికుని వేషంలో తప్పించుకొని న్యూయార్క్ చేరాడు. 1845లో ఆత్మకథను, 1847లో నార్త్ స్టార్ పత్రికను వెలువరించాడు.

నాటి అమెరికా రాజ్యాంగంలో బానిస అనే పదమే లేదు; డొంకతిరుగుడు మాటలే ఉన్నాయి. అది బానిసత్వాన్ని కాపాడే పత్రమని డగ్లస్ తొలుత తన గురువు గారిసన్‌తో ఏకీభవించాడు. మరల మరల పఠించి, దానిని స్వేచ్ఛకు అనుకూలంగా అన్వయించవచ్చునని 1851లో ప్రకటించాడు. మరుసటి సంవత్సరం జులై 5న రాచెస్టర్‌లో ప్రసంగిస్తూ, 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటన చాటిన సమానత్వం బానిసకు ఎందుకు వర్తించదని జాతిని నిలదీశాడు.

1863 జనవరి 1న లింకన్ వెలువరించిన విమోచన ప్రకటన తిరుగుబాటు ప్రాంతాలకే పరిమితం. డగ్లస్ పుట్టిన మేరీలాండ్‌కు అది వర్తించలేదు. అక్కడ 1864లో ప్రత్యేకంగా బానిసత్వం రద్దయింది. 1865లో ఆమోదం పొందిన పదమూడవ సవరణతో బానిసత్వమనే పదం తొలిసారిగా రాజ్యాంగంలో ప్రవేశించింది – ఆ దురాచారాన్ని రద్దు చేయడానికే. అయితే నేరానికి శిక్షగా విధించే నిర్బంధ శ్రమను మాత్రం అది మినహాయించింది.

1895 ఫిబ్రవరి 20న డగ్లస్ వాషింగ్టన్‌లో కన్నుమూశాడు. డెబ్బది అయిదు వసంతాలుగా అక్షరదానం చేస్తున్న మన విద్యాలయానికి ఆయన జీవితం ఒక పాఠం. చదవడం నేర్పడంతోనే మన కర్తవ్యం తీరదు. చదివిన మాట ఎవరిని కలుపుకొంటున్నదో, ఎవరిని వెలుపల నిలుపుతున్నదో ప్రశ్నించడం కూడా మన పిల్లలకు నేర్పుదాం.