రాబర్ట్ కాక్ - గోవుల క్షయ

జర్మనీ దేశమున గనులకు పేరుపడిన క్లౌస్తాల్ పట్టణమున 1843 డిసెంబరు 11వ తేదీన రాబర్ట్ కాక్ జన్మించెను. గెట్టింగెన్ విశ్వవిద్యాలయమున వైద్యవిద్య ముగించి, కొంతకాలమునకు వోల్‌స్టైన్ అను చిన్న ఊరిలో ప్రభుత్వ వైద్యుడయ్యెను. ఆ ప్రాంతమున పశువులకు దొమ్మరోగము మెండు. చచ్చిన పశువుల ప్లీహమునుండి నెత్తురు తీసి, చెక్కపుల్లలతో చిట్టెలుకలకు ఎక్కించి, ఆ రోగమునకు ఒకానొక సూక్ష్మజీవియే కారణమని 1876లో నిరూపించెను. ఇంటిలోని గదియే ఆయనకు ప్రయోగశాల.

1882 మార్చి 24న బెర్లిను పండితసభలో ఆయన క్షయక్రిమిని చూపెను. మరణించువారిలో ఏడింట ఒకరిని ఆ వ్యాధియే పొట్టబెట్టుకొనుచున్నదని ఆయన లెక్క. సులభముగా రంగు పట్టని ఆ క్రిమికి రంగు పట్టించి, పశురక్తపు సీరముపై వెచ్చగా నుంచి ఓర్పుతో పెంచెను. మనుష్యుల క్షయయు గోవుల క్షయయు ఒక్కటే యని అప్పుడు ఆయన తలచెను.

1890లో క్షయక్రిములనుండి ట్యుబర్క్యులిన్ అను మందు తీసి, అది రోగమును కుదుర్చునని ఆశ పెట్టెను. రోగులు బెర్లినుకు విరుగబడి వచ్చిరి. మందు ఫలింపలేదు సరిగదా, కొందరికి ప్రాణాంతకమయ్యెను.

ఇంతకంటె పెద్ద చిక్కు 1901లో వచ్చెను. గోవుల క్షయక్రిమి వేరు, మనుష్యులది వేరు అని అమెరికాలో థియోబాల్డ్ స్మిత్ 1898లో వివరించియుండెను. కాక్ రోగుల కఫమును దూడలకు పెట్టి చూడగా అవి జబ్బుపడలేదు. అంతట లండను మహాసభలో, గోవుల క్షయ మనుష్యులకు సోకుట బహు అరుదనియు, పాలు మాంసముల విషయమున జాగ్రత్తలు అనవసరమనియు ప్రకటించెను. మనిషి క్రిమి దూడను బాధింపకున్నంతమాత్రమున, గోవు క్రిమి బిడ్డను బాధింపదని ఎట్లు తేలును? బిడ్డలపై ఆ ప్రయోగము చేయరాదు గదా! అందుచే ఆయన శవపరీక్షల లెక్కలను ఆశ్రయించి, ప్రేగులలో మొదలైన క్షయ అరుదని వాదించెను. సభలోనున్న లిస్టర్ వంటి పెద్దలు సమ్మతింపలేదు. అయినను అంతటివాని మాట పాలవ్యాపారులకు అండ కాకపోదు.

బ్రిటిషు ప్రభుత్వము వెంటనే రాయల్ కమిషనును నియమించెను. గోవుల క్రిమి పాలద్వారా పసిబిడ్డలకు సోకి రోగము కలిగించుచున్నదని ఆ సంఘము 1907లో తేల్చెను. 1905లోనే నోబెలు బహుమానమందిన కాక్ మాత్రము 1908 వాషింగ్టను సభలోను పట్టు వీడలేదు. 1910 మే 27న బాడెన్‌బాడెనులో ఆయన కన్నుమూసెను. సంఘపు తుది నివేదిక మరుసటి సంవత్సరము వెలువడెను.

విచిత్రమేమనగా, మందుగా ఓడిన ట్యుబర్క్యులినే గోవుల క్షయను పట్టి యిచ్చు సాధనమైనది. డెన్మార్కులో బాంగ్ అను పశువైద్యుడు 1892 మొదలు దానితో రోగపుటావులను వేరుచేయించెను. నేడును అనేక దేశములలో ఆవు చర్మమున దానినుండి శుద్ధిచేసిన రసమును ఎక్కించి, 72 గంటలకు వాపు కొలుతురు. ఆ పరీక్షకు చిక్కని పశువు కబేళాలో బయటపడును. అచట తల, రొమ్ము భాగములలోని శోషరస గ్రంథులను కోసి, గడ్డలున్నచో ప్రయోగశాలకు పంపుదురు. క్రిమి జన్యుపదార్థములోని 43 గుర్తులలో ఏవి కలవో ఏవి లేవో అచట చూతురు. గోవుల క్రిమిలో 39 మొదలు 43 వరకు గల గుర్తులుండవు. తక్కిన గుర్తుల పోలికనుబట్టి ఏ మందరోగము ఏ మందకు చుట్టమో ఊహింతురు.