అక్షర శిల్పి బోడోని

ఇంగ్లీషు పత్రికల శీర్షికలను గమనించండి. కొన్నింటిలో అక్షరాల నిలువు గీతలు లావుగా, అడ్డగీతలు వెంట్రుకల్లా సన్నగా ఉంటాయి. ఈ రకం అచ్చు అక్షరాలకు పేరు తెచ్చినవారిలో ముఖ్యుడు జియాంబట్టిస్టా బోడోని.

బోడోని 1740లో ఇటలీలోని సలుజ్జోలో జన్మించాడు. తండ్రి కూడా ముద్రాపకుడే. యువకుడిగా రోమ్ వెళ్లి, కాథలిక్ మత ప్రచార సంస్థ ముద్రణాలయంలో పనిచేశాడు. అక్కడ ఆసియా భాషల లిపులతో పరిచయం కలిగింది. 1768లో పార్మా డ్యూకు తన ముద్రణాలయాన్ని ఆయనకు అప్పగించాడు. జీవితాంతం అక్కడే పనిచేశాడు.

మొదట ఫ్రాన్సుకు చెందిన ఫోర్నియే అక్షరాలను వాడాడు. తరువాత సొంతంగా చెక్కసాగాడు. ఆ రోజుల్లో ఉక్కు కడ్డీ కొన మీద అక్షరం చెక్కి, దానితో రాగి ముక్కపై గుర్తు వేసి, ఆ గుంటలో కరిగిన సీసం పోసేవారు. బోడోని క్రమంగా పుటలో అలంకారాలు తగ్గించాడు. అక్షరం కొసల్లో ఉండే సెరిఫ్ అనే చిన్న గీతలను సన్నగా, సూటిగా మలిచాడు. 1806లో ఒకే ప్రార్థనను 155 భాషల్లో అచ్చువేశాడు.

నున్నని కాగితం మీద, పెద్ద సైజులో ఈ అక్షరాలు ఎంతో అందంగా ఉంటాయి. ముతక కాగితం మీద చిన్న సైజులో వేస్తే సన్నగీతలు తెగిపోతాయి, చదవడం కష్టమవుతుంది. అందుకే ఇవి శీర్షికలకు, ప్రకటనలకు ఎక్కువగా ఉపయోగపడతాయి.

తన అక్షరాలన్నింటినీ చూపే గ్రంథం పూర్తికాకుండానే 1813లో బోడోని మరణించాడు. భార్య మార్గరీటా ఆ పని పూర్తిచేయించి, 1818లో రెండు సంపుటాలుగా ప్రచురించింది. ఇప్పుడు కంప్యూటర్లలో కూడా ఆయన పేరుతో అక్షరాలు ఉన్నాయి.

ఆలోచించండి: ఈ పాఠ్యపుస్తకమంతా అటువంటి అక్షరాలతో అచ్చువేస్తే మీకు చదవడానికి సులువుగా ఉంటుందా?