మరియా సిబిల్లా మేరియన్ చరిత్రము

గొంగళిపురుగులు కుళ్ళునుండియు బురదనుండియు పుట్టునని పెద్దలు సైతము నమ్ముచుండిన దినములలో, వానిని పెంచి, ఓపికతో కనిపెట్టి, నిజము నెరిగిన బాలిక యొకతె యుండెను. ఆమె చరిత్రమును మా పాఠకులకు విన్నవింప దలచితిమి.

మరియా సిబిల్లా మేరియన్ 1647వ సంవత్సరమున జర్మనీ దేశమందలి ఫ్రాంక్‌ఫర్టు నగరమున జన్మించెను. చిత్రములు చెక్కుటలో పేరుగాంచిన తండ్రి, ఆమె మూడేండ్ల ప్రాయమున గతించెను. మారుతండ్రి చిత్రకారుడగుటచే నామెకు కుంచె పట్టుట యలవడెను. పదుమూడవ యేట పట్టుపురుగులను పెంచి, గ్రుడ్డు మొదలు రెక్కలు వచ్చువరకును వాని మార్పులను కనిపెట్టెను. 1679లో గొంగళిపురుగులను గూర్చి గ్రంథము ప్రకటించెను.

1691లో ఆమ్‌స్టర్డాము చేరి, ధనికులు అమెరికానుండి తెప్పించి దాచుకొనిన సీతాకోకచిలుకలను జూచెను. కాని చచ్చిన పురుగు తానేమి తినెనో, తన్నేది తినునో చెప్పజాలదు గదా! కావున తన చిత్రములను విక్రయించి, 1699లో ఏబదిరెండవ యేట, చిన్న కుమార్తెతో నోడ యెక్కి దక్షిణ అమెరికాలోని సూరినాము చేరెను.

అచ్చటి తోటల దొరలు చెరకు తప్ప నన్యము నెరుగక ఆమెను పరిహసించిరి. అడవిలో దారి నరికినవారును, పురుగులను దెచ్చి యిచ్చినవారును, మొక్కల గుణములు దెలిపినవారును బానిసలైన ఆఫ్రికావారు, ఆ దేశపు ఆదివాసులు. వారి పేరులు మాత్రము ఆమె గ్రంథమున కెక్కలేదు. ఇది మనము మరువరాదు.

ఆమె యింటి నేలలో నీలివన్నె బల్లి యొకటి గ్రుడ్లు పెట్టెను. అది కీటకములను వేటాడి బ్రతుకును. పాములకును పక్షులకును తానాహారమగును. జ్వరపీడితయై 1701లో మరలునపుడు ఆమె యా గ్రుడ్లను వెంట గొనిపోయెను. నడిసముద్రమున పిల్లలు వెలువడెను గాని, తల్లి లేక మరణించెను.

1705లో అరువది చిత్రములతో నామె గ్రంథము వెలువడెను. అందొక పుటలో అరటిచెట్టు, దాని నాశ్రయించు గొంగళిపురుగు, అది మారిన సీతాకోకచిలుక, చెంతనే యా బల్లియు గలవు. జీవుల పరస్పర సంబంధమును దెలుపు శాస్త్రమునకు 1866లో గాని పేరు పుట్టలేదు. ఆమె కుంచె దానినెన్నడో చూపెను.

1717 జనవరిలో ఆమె గతించెను. 1839లో దక్షిణ అమెరికాయందలి ఉడుమువంటి పెద్ద బల్లికి ఆమె పేరిడిరి. అది పురుగులను, నత్తలను, పండ్లను దిని, గింజలను దూరదూరములకు జేర్చి అడవిని బెంచుచున్నది. ఆమెకింతకంటె తగిన స్మారకము వేరొకటి యుండునని మేము తలపము.