శిశురక్షకురాలు డాక్టరు జోసెఫిన్ బేకరు

న్యూయార్కు నగరమునకు వేసవి వచ్చినదనిన పేదల వాడలలోని తల్లులకు గుండెదడ పట్టుకొనెడిది. ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో ఆ నగరమున వేసవియందు వారమునకు సుమారు 1500 మంది పసికందులు అతిసారము మున్నగు వ్యాధులతో మరణించుచుండిరి. మన పెద్దలు బాలారిష్టమని సరిపెట్టుకొనినట్లే అచటివారును విధివ్రాతయని యూరకుండిరి. ఊరకుండలేకపోయినది డాక్టరు సారా జోసెఫిన్ బేకరు.

ఆమె 1873లో పొకీప్సీ పట్టణమున కలిగినవారి యింట జన్మించెను. పదునారేండ్ల ప్రాయమున తండ్రి టైఫాయిడు జ్వరముచే గతించుటతో ఇంటి భారము తలపై పడెను. వైద్యవిద్య నభ్యసించి 1898లో పట్టము పొంది, పిమ్మట నగర ఆరోగ్యశాఖలో ఇన్‌స్పెక్టరుగా చేరెను.

1908 వేసవిలో బడులు మూసియుండుటచే పనిలేకయున్న 30 మంది నర్సులను అడిగి తీసికొని, ఒక పేదవాడలో పని ప్రారంభించెను. ప్రతిదినము జననముల పట్టీ తెప్పించుకొని, మరునాడే పురిటింటికి నర్సును పంపెడిది. నర్సు చెప్పినవి బ్రహ్మవిద్యలు కావు. చనుబాలే పట్టవలెను, దినదినము స్నానము చేయింపవలెను, పలుచని గుడ్డలు తొడుగవలెను, కిటికీలు తెరచియుంచవలెను. ఇంతమాత్రముననే ఆ వాడలో మునుపటి వేసవికంటె 1200 శిశుమరణములు తగ్గెను! ఆ యేటనే నగరపాలకులు శిశు ఆరోగ్యశాఖను నెలకొల్పి ఆమెను అధిపతిగా నియమించిరి. మంత్రసానులకు లైసెన్సులు, పాలకేంద్రములు, పుట్టినబిడ్డ కంటిమందును శుభ్రముగా నుంచు తేనెమైనపు గుళికలు ఆమె పూనికతో వచ్చినవే.

చిత్రమేమనగా, ఎదురుతిరిగినవారు వైద్యులే. శాఖవలన బిడ్డలు జబ్బుపడుట లేదనియు, తమ జీవనోపాధి చెడుచున్నదనియు, దానిని మూసివేయవలెననియు బ్రూక్లిన్ వైద్యులు ముప్పదిమందికి పైగా మేయరుకు మహజరు పంపుకొనిరి. అంతకంటె గొప్ప మెప్పు తమ శాఖకు లేదని ఆమె సంతోషించెను. మరియొక వైద్యుడు కాంగ్రెసు సంఘము నెదుట, ప్రజాధనముతో తల్లులను బిడ్డలను బ్రతికించుచుండినచో యువకులు వైద్యమేల చదువుదురని ప్రశ్నించెనట! మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఆమె లెక్కతోనే లోకమును మేల్కొలిపెను: సైనికులలో నూటికి 4గురు చనిపోవుచుండగా న్యూయార్కు శిశువులలో నూటికి 12మంది చనిపోవుచున్నారని పత్రికలవారికి తెలిపెను.

ఇట్టి వైద్యులును స్త్రీసంఘములును పోరాడుటచే 1921లో తల్లీబిడ్డల ఆరోగ్యమునకు కేంద్రధనము నిచ్చు షెప్పర్డ్–టౌనర్ చట్టము వచ్చెను. అమెరికా వైద్యసంఘము ప్రతిఘటింపగా 1929లో ఆ ధనము ఆగిపోయెను. బేకరు 1923లో ఉద్యోగము విరమించునాటికి అమెరికా మహానగరములలో శిశుమరణములు మిక్కిలి తక్కువగా నుండినది న్యూయార్కులోనే. ఆమె 1945లో కన్నుమూసెను.